అవగాహన సదస్సు సరే, లీవు సంగతేంటి?

ఉద్యోగుల్లో డిప్రెషన్ మీద యాజమాన్యాలే అవగాహన కల్పించాలన్న మాట మళ్లీ గట్టిగా వినిపిస్తోంది. వాణిజ్య సంస్థల్లో రోజుకు 10 గంటల దాకా పని చేయించుకోవచ్చని తెలంగాణ ప్రభుత్వం 2025 జులైలో ఉత్తర్వు ఇచ్చింది. అదే ఏడాది నవంబర్ 21న పాత కార్మిక చట్టాల స్థానంలో కేంద్రం తెచ్చిన కార్మిక కోడ్‌లు అమల్లోకి వచ్చాయి. పని ఒత్తిడి అనగానే అందరి చూపూ వరంగల్ పక్కనున్న మడికొండ ఐటీ కంపెనీల వైపు పోతుంది. వరంగల్ రీజియన్‌లోని తొమ్మిది ఆర్టీసీ డిపోల వైపు చూస్తే అవగాహన ఒక్కటే ఎందుకు చాలదో ఇంకా బాగా అర్థమవుతుంది.

ఆర్టీసీ నష్టాల లెక్కలు, రాష్ట్ర విభజన నాటి పంపకాలు తెలిసినవే. తిన్నగా 2019కి వద్దాం. అక్టోబర్ 5న ఆర్టీసీ కార్మికుల సమ్మె మొదలైంది. ఆ సాయంత్రం ఆరు లోపు డ్యూటీలో చేరని వాళ్లు తమ ఉద్యోగం తామే పోగొట్టుకున్నట్టని ప్రభుత్వం ప్రకటించింది. దాదాపు 48 వేల మందికి జీతం లేదు. సెప్టెంబర్‌లో పనిచేసిన నెల జీతం కూడా రాలేదు. దసరా, దీపావళి అట్లనే గడిచాయి. ఆ 52 రోజుల్లో గుండె ఆగి కొందరు, బతుకు మీద ఆశ తెగి కొందరు చనిపోయారు. ఓరుగల్లు పల్లెలకూ ఆ శవయాత్రలు వచ్చాయి.

సమ్మె ముగిశాక డిసెంబర్ 1న అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ డిపోకు ఐదుగురు చొప్పున పిలిపించుకొని మాట్లాడారు. రిటైర్మెంట్ వయసు 58 నుంచి 60కి పెరిగింది. మహిళలకు రాత్రి ఎనిమిది దాటాక డ్యూటీలు ఉండవన్నారు. సమ్మె కాలపు జీతమూ ఇస్తామన్నారు. ఇవి మంచి నిర్ణయాలే. కానీ అదే రోజు యూనియన్లను పక్కకు పెట్టి, వాటి స్థానంలో ఉద్యోగుల సంక్షేమ బోర్డులు తెచ్చారు. ఈనాటి గొడవకు అసలు మలుపు అక్కడే ఉంది. అప్పటిదాకా లీవు ఇవ్వకపోయినా, డబుల్ డ్యూటీ వేసినా డిపో మేనేజర్ దగ్గరికి యూనియన్ నాయకుడు వెళ్లి గట్టిగా అడిగేవాడు. తర్వాత ఎవరి బాధ వాళ్లే చెప్పుకోవాల్సి వచ్చింది. మనసు బాగాలేని మనిషికి అన్నిటికన్నా కష్టమైన పని అదే.

యాజమాన్యం చెప్పే మాటా ఉంది. 2022లో గ్రాండ్ హెల్త్ చాలెంజ్ పేరుతో సిబ్బంది అందరికీ పరీక్షలు చేయించింది. గుండె జబ్బులు ముందే బయటపడి కొందరి ప్రాణాలు నిలిచాయి. తార్నాకలో ఆసుపత్రి ఉంది. అయితే బీపీ, షుగర్ మిషన్‌లో తేలతాయి. నిద్ర పట్టడం లేదనీ, తిండి సయించడం లేదనీ మనిషి నోరు తెరిచి చెప్పాలి.

చెబితే ఏమవుతుందన్నదే డ్రైవర్ల భయం. అన్‌ఫిట్ అని రాస్తే స్టీరింగ్ పోతుంది, ఇల్లు గడవదు. ఈ భయం ఊరికే పుట్టింది కాదు. కలర్ బ్లైండ్‌నెస్ ఉందని అన్‌ఫిట్ చేసిన ఒక ఆర్టీసీ డ్రైవర్ తనకు మరో ఉద్యోగం చూపమని సుప్రీంకోర్టు దాకా పోవాల్సి వచ్చింది. వేరే పని చూడకుండా ఇంటికి పంపడం చెల్లదని 2025 ఆగస్టు 1న కోర్టు తీర్పిచ్చింది. ఆయనను ఉద్యోగం నుంచి తప్పించింది మాత్రం 2016లో. కంటి సమస్యకే ఇంత కొట్లాట అయితే, డిప్రెషన్ అని ఎవరు చెప్పుకుంటారు?

ఒత్తిడి మాత్రం తగ్గలేదు. 2023 డిసెంబర్ 9న ఆడవాళ్లకు ఉచిత బస్సు ప్రయాణమిచ్చే మహాలక్ష్మి పథకం మొదలైంది. వాళ్లకు అది గొప్ప మేలు, ఆపమని ఎవరూ అడగరు. కిక్కిరిసిన బస్సులో ప్రతి ఒక్కరికీ జీరో టికెట్ కొట్టాలి, ఒక్కటి తప్పినా కండక్టర్ మీదికే వస్తుంది. రెండేళ్లకోసారి మేడారం జాతరకు లీవు మాటే ఎత్తకూడదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 సెప్టెంబర్‌లో పని చోట మానసిక ఆరోగ్యంపై మార్గదర్శకాలు ఇచ్చింది. ఉద్యోగులకు అవగాహన ఒక్కటే చాలదని, పనిభారం, పని వేళలు సరిదిద్దాలని, పై అధికారులకు శిక్షణ ఇవ్వాలని అందులో ఉంది. మన దగ్గర అమలయ్యేది ఎక్కువగా ఆ మొదటి ముక్కే. అక్టోబర్ 10న ప్రపంచ మానసిక ఆరోగ్య దినానికి ఒక సదస్సు, ఒక బ్యానర్, ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ లైన్ టెలిమానస్ నంబర్ 14416. ఆ నంబర్ నిజంగా పనికొచ్చేది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. టెన్షన్ భరించలేని ఎవరైనా చేయాలి. డ్యూటీ చార్టును మార్చడం మాత్రం ఆ ఫోన్ ఎత్తిన కౌన్సెలర్ చేతిలో లేదు.

అందుకే 2025 మే 7 నుంచి సమ్మె అని ఆర్టీసీ సంఘాల ఐక్య కార్యాచరణ కమిటీ (జేఏసీ) నోటీసు ఇచ్చినప్పుడు యూనియన్లను మళ్లీ అనుమతించాలన్నది కూడా డిమాండ్లలో చేరింది. ఆ సమ్మె చివరి నిమిషంలో వాయిదా పడింది. డిపోలో అవగాహన సదస్సు పెడతామంటే కార్మికులు ముందు అడుగుతున్నది రెండు విషయాలు: లీవు కాదంటే కారణం కాగితం మీద రాసివ్వాలి, డిప్రెషన్‌కు చికిత్స తీసుకునే డ్రైవర్‌కు కోలుకునేదాకా డిపోలోనే వేరే పని ఇవ్వాలి.