గేటు మూసిందా, వంతెన విరిగిందా

"మాస్టారూ, నెమ్మదిగా కొట్టుకునే గుండెని పట్టుకుని పరిగెత్తించడమేటండి? ముసిలెద్దుని దౌడు తీయించినట్టు లేదూ?" అని అడిగాడు మా వీధి చివర కిరాణా కొట్టు అతను. పర్లాకిమిడిలో ఏ కబురైనా ముందు ఆ కొట్టుకే చేరుతుంది. నా నాడి నిమిషానికి 44 కొడుతోందనీ, గుండెని తట్టి నడిపించే బేటరీ, అదే పేస్‌మేకర్ పెట్టాల్సి రావచ్చని డాక్టరు అన్నాడనీ, కదిలే పట్టా మీద పరిగెత్తించి గుండెని చూసే ట్రెడ్‌మిల్ పరీక్షకి బరంపురం వెళ్తున్నాననీ అప్పటికే అక్కడ అందరికీ తెలుసు. ముప్పై ఏళ్ళు సైన్సు చెప్పినవాణ్ణి, ఆ ప్రశ్నకి మాత్రం నీళ్ళు నమిలాను. ఇప్పుడు జవాబు తెలిసింది కాబట్టి రాస్తున్నాను.

గుండెకి నాలుగు గదులు, మంచి రక్తం, చెడు రక్తం వగైరా అంతా బళ్ళో చదువుకున్నదే, వదిలేస్తున్నాను. ఆ చదువే 72 అనే అంకెని మన బుర్రల్లో మేకులా దిగ్గొట్టింది. పిల్లలచేత నేనూ వల్లె వేయించాను, 70 అని రాసినవాడికి అర మార్కు కోశాను కూడా. నిజానికి ఊరికే కూర్చున్న పెద్దవాళ్ళకి 60 నుంచి 100 దాకా మామూలే. సాధన చేసే పరుగుగాళ్ళకి 40 దగ్గర ఉన్నా జబ్బు కాదు. నిద్రలో ఎవరికైనా తగ్గుతుంది. నేను పరుగుగాణ్ణి కాను, నిద్రలోనూ లేను. అందుకే భయం.

డిగ్రీలో ఉండగా కప్ప గుండెని కోసి ఉప్పునీళ్ళ గాజుపళ్ళెంలో పెట్టారు. గింజంత గుండె. కప్పతో సంబంధం తెగిపోయినా అది తన మానాన కొట్టుకుంటూనే ఉంది. పీరియడ్ గంట కొట్టినా ఆగలేదు. ఆ రోజు నాకు అన్నం సయించలేదు. గుండె తన తాళం తనే వేసుకుంటుంది. మనలో ఆ తాళం వేసేది కుడి పైగది మూలన ఉన్న చిన్న కణాల గుంపు. దాన్ని 1907లో ఆర్థర్ కీత్, మార్టిన్ ఫ్లాక్ బయటపెట్టారు. మామూలు కండర కణం ఎవరైనా తట్టేదాకా ఊరుకుంటుంది, ఇవి ఊరుకోలేవు. కణం లోపలి వోల్టేజి మైనస్ 60 మిల్లీవోల్టుల దాకా దిగగానే సోడియం అయాన్లు లోపలికి ఊరుతాయి. వోల్టేజి మెల్లగా ఎక్కి మైనస్ 40 చేరేసరికి కాల్షియం తలుపులు తెరుచుకుంటాయి, ఒక దెబ్బ పడుతుంది. తర్వాత పొటాషియం బయటికి పోయి మళ్ళీ దిగుతుంది, మళ్ళీ ఊట మొదలు. ఈ ఊటకి శాస్త్రవేత్తలు పెట్టిన పేరు 'ఫన్నీ కరెంట్'. పరుగులోనూ భయంలోనూ ఒంట్లో ఊరే అడ్రినలిన్ దీన్ని పెంచుతుంది, మెదడు నుంచి గుండెకి దిగే వేగస్ అనే నరం తగ్గిస్తుంది.

ఇక అసలు సంగతి, గేటు. పైగదుల్లో పుట్టిన కరెంటు కింది గదుల్లోకి దిగడానికి ఒకటే దారి. ఆ దారి మొదట్లో ఒక ముడి ఉంటుంది, 1906లో జపాన్ వైద్యుడు సునావో తవారా వర్ణించింది ఇదే. అక్కడ కరెంటు సెకనుకి 5 సెంటీమీటర్లు, అంటే చీమ నడక నడుస్తుంది. మా నౌపడా–గుణుపురం లైను మీద రైలు గేటు ఎలాగో ఇదీ అలాగే, కావాలని ఆపుతుంది. సెకనులో పదో వంతు ఆపితేనే పైగదులు రక్తాన్ని పూర్తిగా కిందికి వంపగలవు. ఎప్పుడైనా పైగదులు పూనకం వచ్చినట్టు నిమిషానికి 300 సార్లు అదిరినా, అన్నిటినీ కిందికి పోనివ్వకుండా అడ్డుకునేదీ ఈ గేటే. గేటు దాటాక దారి రెండుగా చీలి చిన్నచిన్న తీగలుగా పాకుతుంది. అక్కడ కరెంటు సెకనుకి 2 నుంచి 4 మీటర్లు పరిగెడుతుంది.

నా ఇ.సి.జి. కాగితాన్ని ఇంట్లో భూతద్దం పెట్టి చూశాను. పైగది కరెంటు చిన్న గుట్టలా కనబడుతుంది, కింది గదులది మహేంద్రగిరిలా నిటారుగా లేస్తుంది. గుట్ట మొదలు నుంచి కొండ మొదలు దాకా 3 నుంచి 5 చిన్న గళ్ళుండాలి, గడికి 0.04 సెకను. నా కాగితంలో మొదట 6 గళ్ళు, తర్వాత 8, తర్వాత 9, ఆ తర్వాత గుట్ట ఉంది, కొండ లేదు! మళ్ళీ 6, 8, 9, ఖాళీ. నిద్రమత్తులో ఉన్న గేటుమేన్ ఒక్కో బండికి కాస్త కాస్త ఆలస్యంగా గేటు ఎత్తుతూ, చివరికో బండిని మర్చిపోయినట్టు. వెంకెబాక్ అనే డచ్ వైద్యుడు 1899లో, ఇ.సి.జి. యంత్రం రాకముందే, నాడి కొట్టుకోవడాన్ని గీతలుగా గీయించి ఈ వరసని పట్టుకున్నాడు. నాకైతే ఇదే అబ్బురం.

బండి ఆగితే గేటు దగ్గరే ఆగిందా, గేటు దాటాక వంతెన మీద, అంటే రెండుగా చీలిన ఆ కింది దారిలో ఆగిందా? కిరాణా కొట్టు ప్రశ్నకి జవాబు ఇందులోనే ఉంది. గేటుమేన్‌కి అడ్రినలిన్ మాట వినబడుతుంది. పరిగెత్తిస్తే మత్తు వదిలి ప్రతి బండికీ గేటు ఎత్తుతాడు. వంతెన చెక్కలకి అడ్రినలిన్ వినబడేది అంతంత మాత్రమే. ఒక బండి పోయాక కదిలిన చెక్కలు సర్దుకోవడానికి సమయం పడుతుంది. బండ్లు అరకొరగా వస్తే ఇబ్బంది తెలియదు. పరిగెత్తిస్తే బండ్లు ఒకదాని వెనక ఒకటి వచ్చి పడతాయి, చెక్కలు సర్దుకునేలోపే రెండోది వచ్చి ఆగిపోతుంది. నాడి పెరగాల్సిన చోట సగానికి పడిపోతుంది. పరుగులో బాగుపడితే గేటు, పరుగులో చెడితే వంతెన. వంతెన చెడిందంటే మాత్రం పేస్‌మేకర్ మాట తప్పదు.

ఆసుపత్రి వరండాలో నా పక్కన కూర్చున్న ముసలమ్మ, "గుండెలో బేటరీ ఎట్టేస్తే పేనం పోదంట గదా బావూ, ఎన్నాళ్ళని అలా ఉండిపోతాం?" అంది. ఈ మాట మా వైపు చాలామంది నోట విన్నాను. బేటరీ కండరాన్ని తట్టి లేపుతుందంతే. కండరమే చచ్చాక ఎంత తట్టినా పలకదు. దహనానికి ముందు మాత్రం దాన్ని తీసేయాలి, మంటలో పేలుతుంది. ఒంటిలో అమర్చిన మొట్టమొదటి పేస్‌మేకర్ 1958 అక్టోబరు 8న స్వీడన్‌లో ఆర్నె లార్సన్‌కి పెట్టారు. దాన్ని తయారుచేసిన ఇంజినీరు రూనె ఎల్మ్‌క్విస్ట్ బూటు పాలిష్ డబ్బాని అచ్చుగా వాడి జిగురు పోశాడట. అది కొన్ని గంటలే పనిచేసింది. లార్సన్ మాత్రం మొత్తం 26 పేస్‌మేకర్లు మార్చుకుని, 86వ ఏట 2001లో పోయాడు, అదీ క్యాన్సర్‌తో. ముసలమ్మకి ఇదంతా చెప్తే, "అయితే పోతాంలే" అని స్థిమితపడింది.

ఛాతీ మీద వెంట్రుకలు గీసి పది తీగలు అతికించారు. 1963 నాటి బ్రూస్ పద్ధతి ప్రకారం మూడేసి నిమిషాలకి వేగం, ఏటవాలు పెరుగుతాయి. మొదట గంటకి 2.7 కిలోమీటర్లు, తర్వాత 4, ఆపైన 5.5. నాకు 62 ఏళ్ళు. 220లోంచి వయసు తీసేసి, అందులో 85 శాతం కడితే 134, నాడి అక్కడిదాకా రావాలి. రెండో నిమిషంలో తెర మీద ఖాళీలు మాయమయ్యాయి, ప్రతి గుట్ట వెనకా ఒక కొండ. గేటే! నవ్వు ఆపుకోలేక కడ్డీ పట్టుకున్నాను. కానీ మూడో మెట్టులో కాళ్ళు చేతులెత్తేసేసరికి నాడి 108 దగ్గరే ఉంది.

"మాస్టారూ, మందులేమైనా వాడుతున్నారా?" అన్నాడు డాక్టరు.

"ఏమీ లేవు."

వెనక నుంచి మా ఆవిడ, "కంట్లో చుక్కలు వేసుకుంటారు కదండీ," అంది.

నీటికాసులకి (గ్లాకోమాకి) రెండేళ్ళుగా పొద్దునా సాయంత్రం వేసుకుంటున్న టిమొలాల్. అది బీటా బ్లాకర్, అంటే అడ్రినలిన్ మాట వినబడకుండా గుండె చెవులు మూసే మందు. చుక్కలో ఉండేది మహా అయితే పావు మిల్లీగ్రాము. కానీ కంటి మూలనున్న కన్నీటి గొట్టం గుండా ముక్కులోకి దిగి, అక్కడి పొరలోంచి నేరుగా రక్తంలో కలుస్తుంది. మాత్రలాగా ముందు కాలేయం గుండా పోయి బలం తగ్గించుకునే పని లేదు. నా గేటుమేన్‌కి మత్తుమందు నేనే పోస్తున్నానన్నమాట. చుక్కని మందుల లెక్కలో వేసుకోకపోవడం నా తెలివి. గుండె డాక్టరు దాన్ని తను ఆపలేదు. కంటి డాక్టరుకి చీటీ రాశాడు, ఆయన వేరే రకం చుక్కలు ఇచ్చాడు. చుక్క వేశాక కంటి లోపలి మూలని కాసేపు వేలితో నొక్కి ఉంచమని కూడా చెప్పాడు. రెండేళ్ళలో ఎవరూ చెప్పని మాట అది.

ఆరు వారాలకి నాడి 61. అయినా అనుమానం తీరాలని 24 గంటలూ ఇ.సి.జి. తీస్తూనే ఉండే హోల్టర్ యంత్రం మెడలో వేలాడదీశారు. కాగితాల కట్టంతా శుభ్రంగానే ఉంది. తెల్లవారుజామున 3 గంటలప్పుడు మాత్రం ఒక్క మహేంద్రగిరి తప్పిపోయింది. నేను దాని మీద వేలు పెట్టి చూపించాను. డాక్టరు కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఆ వేళప్పుడైనా పడుకోనివ్వండి మాస్టారూ," అన్నాడు.