సొరంగంలో ఘాటీ అలవాట్లు: అపోహలు - వాస్తవాలు

రాయ్‌పూర్ నుంచి విశాఖపట్నం దాకా వేస్తున్న ఆరు వరుసల రహదారి ఒడిశాలో నవరంగపూర్, కొరాపుట్ జిల్లాల మీదుగా సాగుతుంది. ఆ దారిలో కొండలను తొలిచి వేస్తున్న సొరంగాలు ఉన్నాయి కాబట్టి, సిమిలిగుడ, జయపురం, రాయగడ లారీ యార్డుల్లో డ్రైవర్లకూ క్లీనర్లకూ సొరంగ ప్రయాణ నియమాలు చెప్పే పని కొంతకాలంగా చేస్తున్నాను. అంతకు ముందు ఉత్తరాదిన ఒక కొండ సొరంగం కంట్రోల్ రూములో షిఫ్టు ఇంజినీరుగా పనిచేశాను. నా ఎదుట కూర్చునేవారిలో ఎక్కువమంది సాలూరు, పార్వతీపురం వైపు నుంచి వచ్చి ఇక్కడ స్థిరపడిన తెలుగువారే. సుంకి ఘాటీ (కొండ మలుపుల దారి) ప్రతి మలుపూ వారికి కంఠతా వచ్చు. వారి చేతి నైపుణ్యాన్ని తప్పుపట్టడానికి నేనెవరిని? చిక్కు ఎక్కడంటే, ఘాటీలో ప్రాణం నిలిపిన అలవాట్లు కొన్ని సొరంగంలో ప్రాణం మీదికి తెస్తాయి. యార్డుల్లో నేను తరచుగా వినే మాటలనే అపోహలుగా ఇక్కడ రాస్తున్నాను.

అపోహ: సొరంగంలో భయపడవలసింది కొండ కూలడం గురించే.

వాస్తవం: 2023 నవంబరులో ఉత్తరాఖండ్‌లోని సిల్‌క్యారా సొరంగంలో 41 మంది కార్మికులు 17 రోజుల పాటు చిక్కుకుపోవడాన్ని దేశమంతా టీవీల్లో చూసింది కనుక ఈ భయం సహజమే. అయితే అది నిర్మాణంలో ఉన్న సొరంగం. తవ్వకం పూర్తయి, లోపల కాంక్రీటు తొడుగు వేసి, వాడుకలోకి వచ్చిన సొరంగం సంగతి వేరు. మన పక్కనున్న కొత్తవలస–కిరండుల్ రైలు మార్గమే 1960ల నుంచి యాభైకి పైగా సొరంగాల గుండా ఇనుప ఖనిజం మోస్తోంది. వాడుకలో ఉన్న రోడ్డు సొరంగంలో మనిషిని చంపేది పొగ. కింద చెప్పబోయే నియమాల్లో ఎక్కువ భాగం, పైకి ఎలా కనిపించినా, పొగ పుట్టకుండా చూడటానికో పుట్టిన పొగ నుంచి బయటపడే సమయం మిగల్చడానికో పెట్టినవే.

అపోహ: మా బండిలో చింతపండు, అల్లం, యూకలిప్టస్ దుంగలు తప్ప ఏముంటాయి? ప్రమాదమంతా పెట్రోలు బండ్లతోనే.

వాస్తవం: 1999 మార్చి 24న ఫ్రాన్స్–ఇటలీల మధ్య 11.6 కిలోమీటర్ల మోంట్ బ్లాంక్ సొరంగంలో 39 మంది మరణించారు. ఆ మంటకు మూలమైన లారీలో ఉన్నది మార్గరిన్ (వెన్నకు బదులు వాడే కొవ్వు), గోధుమపిండి. ఏ జాబితాలోనూ ప్రమాదకర సరుకు కాదు, వంటింటి సరుకు. ఆ మంట 53 గంటలు రగిలింది. 2003లో నార్వేలోని రునెహామార్ అనే పాత సొరంగంలో మామూలు సరుకులతో అగ్ని పరీక్షలు చేసినప్పుడు మంట తీవ్రత 200 మెగావాట్ల దాకా వెళ్లింది. కారు ఒక్కటి తగలబడితే అది సుమారు 5 మెగావాట్లు ఉంటుంది. బయట రోడ్డు మీద అయితే ఆ వేడి ఆకాశంలోకి పోతుంది. సొరంగంలో పైకప్పుకు తగిలి మళ్లీ సరుకు మీదికే దిగుతుంది, మంటను ఇంకా పెంచుతుంది. చింతపండు బస్తా, దాని మీది ప్లాస్టిక్ పట్టా, కింది చెక్క బల్లలు, పది టైర్లు, ట్యాంకులో డీజిలు: ఇవన్నీ కలిస్తే అదొక పెద్ద చితి. ముందు వెళ్లే లారీకి దూరంగా నడపమని బోర్డు పెట్టడం ఇందుకే. 2001 అక్టోబరులో స్విట్జర్లాండ్‌లోని గోట్‌హార్డ్ సొరంగంలో రెండు లారీలు ఢీకొని 11 మంది చనిపోయాక, అక్కడ లారీలను లెక్కపెట్టి, మధ్యలో 150 మీటర్ల ఎడం ఉంచి లోపలికి వదలడం మొదలుపెట్టారు.

అపోహ: పొగ పైకి పోతుంది, ఫ్యాన్లు లాగేస్తాయి. కాబట్టి వెనక్కి తిప్పుకుని వచ్చేయవచ్చు.

వాస్తవం: దీన్ని కొంచెం ఓపికగా చదవమని కోరుతున్నాను, ఎందుకంటే సొరంగంలో యూటర్న్, రివర్సు నిషేధం వెనుక ఉన్న కారణమంతా ఇక్కడే ఉంది. పొగ మొదట పైకప్పు దాకా లేచి రెండు వైపులా పాకుతుంది. దూరం వెళ్లే కొద్దీ చల్లబడి కిందికి దిగుతుంది. పైకప్పుకు వేలాడే పెద్ద గొట్టపు ఫ్యాన్లు పొగను లాగి బయట పారేయవు; సొరంగం పొడవునా గాలిని ఒక దిక్కుకు నెడతాయి. ఒకే దిశలో రాకపోకలు సాగే సొరంగంలో ఆ దిక్కు వాహనాలు వెళ్లే దిక్కే. మంటకు ముందున్న బండ్లు ఆగకుండా బయటికి వెళ్లిపోతాయి, పొగ వాటి వెనకాలే పోతుంది, మంటకు వెనుక ఆగిన వారు శుభ్రమైన గాలిలో ఉంటారు. పెద్ద మంట పొగ వెనక్కి మళ్లకుండా ఆపాలంటే ఆ గాలికి సెకనుకు దాదాపు 3 మీటర్ల వేగం ఉండాలి. ఈ లెక్కంతా మంటకు ముందున్న బండ్లు బయటికి సాగిపోతాయనీ, వెనుకవి ఉన్నచోటే ఆగుతాయనీ నమ్మి వేసింది. ఒక లారీ అడ్డంగా తిరగబోయి ఇరుక్కుంటే వెనుక ఉన్న వంద బండ్లు ఆగిపోతాయి. అంతకంటే ముఖ్యంగా, మంట దగ్గరికి రావలసిన అగ్నిమాపక శకటానికి దారి ఉండదు.

ఎదురెదురు రాకపోకలు సాగే సొరంగాల్లో మంటకు రెండు వైపులా మనుషులు ఉంటారు కాబట్టి అక్కడ పొగను పైకప్పు మీది వేరే దారి గుండా పీల్చుకునే ఏర్పాటు ఉంటుంది. జమ్మూలోని 9 కిలోమీటర్ల పైచిలుకు చెనాని–నాష్రీ సొరంగం అటువంటిదే. దాని పక్కనే తప్పించుకునే సొరంగం ఒకటి సమాంతరంగా నడుస్తుంది, 300 మీటర్లకొక అడ్డదారి రెండింటినీ కలుపుతుంది.

అపోహ: అద్దాలు ఎత్తుకుని బండిలోనే కూర్చుంటే పొగ తగలదు.

వాస్తవం: మోంట్ బ్లాంక్‌లో చనిపోయినవారిలో చాలామంది తమ వాహనాల్లోనే దొరికారు. బండిని వదలబుద్ధి కాకపోవడం మానవ సహజం. లారీ డ్రైవరుకైతే అది జీవనాధారం, కిస్తీ ఇంకా మిగిలే ఉంటుంది. కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, రంగు లేదు, అది సోకిన మనిషికి తాను సోలిపోతున్నానన్న తెలివి కూడా ఉండదు. ముందు పొగ కనిపించి వాహనాలు ఆగిపోతే బండిని ఒక పక్కకు చేర్చి, ఇంజన్ ఆపి, తాళం చెవి అందులోనే ఉంచి, మంటకు దూరంగా నడవాలి. తాళం ఉంచడమెందుకని ప్రతి తరగతిలోనూ అడుగుతారు. సహాయక సిబ్బంది మీ బండిని జరపవలసి వస్తే అద్దాలు పగలగొట్టుకుంటూ కూర్చోలేరు.

పరుగెత్తే మనిషి బొమ్మ ఉన్న పచ్చ బోర్డు దగ్గర తలుపు ఉంటుంది. ఒక చిన్న సంగతి చెబుతాను, బోర్డుల మీద ఎవరూ రాయనిది. పొగ చొరబడకుండా తలుపు అవతల గాలి ఒత్తిడిని కావాలని ఎక్కువగా ఉంచుతారు కాబట్టి ఆ తలుపు కొన్నిసార్లు చాలా బరువుగా తోస్తుంది. తాళం వేశారనుకుని వదిలేయకండి. భుజం ఆనించి గట్టిగా తోయండి.

అపోహ: బ్రేకులు వేడెక్కి వాసన వస్తే పక్కకు ఆపి, చక్రం కింద రాయి పెట్టడమే మంచి డ్రైవరు లక్షణం.

వాస్తవం: ఘాటీలో ఇది నూటికి నూరు పాళ్లు నిజం. సొరంగంలో కాదు. నేను కంట్రోల్ రూములో ఉన్న మొదటి ఏడాది ఒక రాత్రి, ఆగిన వాహనం ఉందని తెర మీద గుర్తు వెలిగింది. కెమెరా తిప్పి చూస్తే లోడు లారీ ఒకటి ఎడమ వరుసలో నిలబడి ఉంది, వెనుక చక్రం దగ్గర సన్నగా పొగ. క్లీనరు కుర్రవాడు క్యాబిన్ లోంచి తలకాయంత రాయి తీసి చక్రం కింద పెట్టాడు. డ్రైవరు దాని పక్కనే గొంతుకూర్చుని బీడీ వెలిగించాడు. చూడటానికి ఎంతో పద్ధతిగా ఉంది. నేను ఆ వరుస మూసేశామని చెప్పే ఎర్ర గుణకారపు గుర్తును దాని మీద వెలిగించి, మైకులో ముందుకు సాగమని చెప్పాను. నాకు వచ్చిన హిందీ అతనికి అర్థమైందో లేదో కానీ కాసేపటికి లైనర్లు చల్లారాయి, లారీ వెళ్లిపోయింది, నేనూ ఎర్ర గుర్తు తీసేశాను. రాయి మాత్రం అక్కడే ఉండిపోయింది. తర్వాత వచ్చిన కారు దాని మీదికెక్కి టైరు పగిలి గోడకు రాసుకుంది. అదృష్టవశాత్తూ ఎవరికీ పెద్ద దెబ్బ తగలలేదు. గుర్తు తీసేముందు రోడ్డును ఇంకోసారి చూసుకోకపోవడం నా తప్పే. ఆ రాత్రి నివేదికలో అలాగే రాశాను.

కాబట్టి ఘాటీ దిగి వచ్చి సొరంగంలోకి వెళ్లేవారు బ్రేకుల సంగతి ముఖద్వారానికి ముందే, బయట ఆగే స్థలంలోనే తేల్చుకోవాలి. లోపల అనుమానం వస్తే, బండి కదులుతున్నంత సేపు గేరు తగ్గించి బయటికో అత్యవసర నిలుపుదల స్థలానికో చేర్చాలి. న్యూట్రల్‌లో వదలడం గురించి నేను చెప్పనవసరం లేదు. ఫొటోల కోసం ఆపడం గురించీ అంతే: 2020 అక్టోబరులో రోహ్‌తాంగ్ దగ్గర అటల్ సొరంగం తెరిచిన తొలి రోజుల్లోనే సెల్ఫీల పిచ్చి ప్రమాదాలకు దారితీసింది.

అపోహ: పెట్రోలు ట్యాంకర్ ఖాళీ అయ్యాక, సొరంగంలో ప్రమాదకర సరుకుల మీద ఉండే నిషేధం దానికి వర్తించదు.

వాస్తవం: విశాఖ నుంచి పెట్రోలు తెచ్చి, దించి, తిరిగి వెళ్లే డ్రైవర్లు ఈ విషయంలో నాతో గట్టిగానే వాదిస్తారు. పెట్రోలు ఆవిరి గాలిలో సుమారు 1.4 శాతం నుంచి 7.6 శాతం దాకా ఉన్నప్పుడే అంటుకుంటుంది. నిండు ట్యాంకులో ద్రవం పైనుండే కొద్దిపాటి ఖాళీలో ఆవిరి మరీ చిక్కగా ఉంటుంది కాబట్టి సాధారణంగా అంటుకోదు. దించిన ట్యాంకులోకి గాలి చేరి, ఆ పాళ్లు సరిగ్గా కుదరవచ్చు. శుభ్రం చేయని ఖాళీ ట్యాంకరే ఒక్కోసారి ఎక్కువ ప్రమాదమని అనడం అందుకే. బండి మీది ప్రమాద సమాచార పలకను, అందులోని 1203 అనే అంకెను (పెట్రోలుకు ప్రపంచమంతటా అదే సంఖ్య) సరుకు దించగానే కప్పేయకూడదు. ఇటువంటి సరుకు నడిపేవారికి కేంద్ర మోటారు వాహనాల నిబంధనల ప్రకారం ప్రత్యేక శిక్షణ, లైసెన్సు మీద దాని నమోదు తప్పనిసరి. ఏ సొరంగంలో ఏ సరుకుకు అనుమతి, ఏ గంటల్లో అనుమతి అనేది ఆ సొరంగం ముందున్న బోర్డే చెబుతుంది. ఒక సొరంగంలో వదిలారు కదా అని ఇంకొకచోట వాదించడానికి లేదు.

అపోహ: మిట్టమధ్యాహ్నం సొరంగం ద్వారం దగ్గర అన్ని దీపాలు వెలిగించడం కరెంటు దండగ.

వాస్తవం: ఎండలోంచి చీకట్లోకి వెళ్లిన కంటికి ద్వారం నల్లటి రంధ్రంలా కనబడుతుంది. కన్ను సర్దుకోవడానికి కొన్ని సెకన్లు కావాలి; గంటకు 60 కిలోమీటర్ల వేగంలో బండి సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. అందుకే పగలు ద్వారం దగ్గర దీపాలు ఎక్కువ, లోపలికి పోయే కొద్దీ తక్కువ. రాత్రి అంత వెలుగు అవసరం లేదు. మీరు చేయవలసింది నల్ల కళ్లద్దాలు తీయడం, హెడ్‌లైట్లు డిప్పర్‌లో (లో బీమ్‌లో) వేసుకోవడం. ఎదురు బండికి హై బీమ్ కొట్టి పలకరించే ఘాటీ మర్యాద ఇక్కడ వద్దు, హారన్ కూడా వద్దు.

అపోహ: చేతిలో మొబైల్ ఉండగా గోడ మీది ఫోనెందుకు?

వాస్తవం: మొబైల్‌లో జాతీయ రహదారుల సహాయ నంబరు 1033కు చేస్తే ముందు మీరెక్కడున్నారో చెప్పాలి, సొరంగంలో ప్రతి చోటూ ఒకేలా ఉంటుంది. గోడ ఫోను ఎత్తితే ఎక్కడి నుంచో కంట్రోల్ రూములో తెర మీద కనబడుతుంది. అటల్ సొరంగంలో అటువంటివి 150 మీటర్లకొకటి ఉన్నాయి.

అపోహ: ద్వారానికి ముందు వేలాడే కమ్మీ, గొలుసులు కేవలం హెచ్చరిక అలంకారం.

వాస్తవం: అవి లోడు ఎత్తు ఎక్కువైతే ముందే తగిలేలా పెట్టినవి. 2022 జనవరిలో కేరళలోని కుథిరాన్ సొరంగంలో ఒక టిప్పర్ తొట్టెను పైకెత్తిన స్థితిలోనే లోపలికి వెళ్లి, వందకు పైగా దీపాలనూ కెమెరాలనూ వరుసగా తుడిచిపెట్టింది. పైకప్పుకు ఉన్నవి దీపాలే కాదు. ఫ్యాన్లు, పొగను పసిగట్టే తీగలు, వరుస గుర్తులు అన్నీ అక్కడే ఉంటాయి. లోపలికి వెళ్లాక తాడు తెగి రెపరెపలాడే పట్టా కూడా వాటిలో దేన్నైనా పట్టుకుని లాగగలదు. గొలుసు మీ లోడుకు తగిలి గలగలమంటే, నెమ్మదిగా పోనిచ్చి చూద్దామని అనుకోకండి. బయటే ఎడమ పక్కకు తీసి, దిగి, తొట్టె పూర్తిగా కూర్చుందా, పట్టా ముడి ఎక్కడైనా జారిందా అని బండి చుట్టూ ఒకసారి నడిచి చూసుకోండి. లోడే ఎత్తుగా ఉంటే పాత ఘాటీ దారి ఉండనే ఉంది.