పోయినవాళ్లు పలకరించినట్టు ఎందుకనిపిస్తుంది

మనిషి పోయి నెలో రెండు నెలలో అయ్యుంటుంది, కిటికీ మీద ఒక పిట్ట వచ్చి వాలి కదలకుండా మనవైపే చూస్తుంటే గుండె ఒక్కసారి ఝల్లుమంటుంది, తనే వచ్చిందేమో అని. అదే పిట్ట పోయినేడు వాలి ఉంటే తలెత్తి కూడా చూసేవాళ్లం కాదు. కొందరికి పిట్ట, కొందరికి సీతాకోకచిలుక, కొందరికి ఖాళీ గదిలో తెలిసిన సబ్బు వాసన, కొందరికి సరిగ్గా తలుచుకున్నప్పుడే రేడియోలో వాళ్లకిష్టమైన పాట. బయటికి చెప్తే "పాపం బాధలో ఉంది కదా" అని జాలిగా చూసేవాళ్లు కొందరు, "అనుమానమే లేదు, ఆత్మే వచ్చింది" అని బల్లగుద్ది చెప్పేవాళ్లు కొందరు. నాకైతే రెండూ నచ్చవు, ఎందుకంటే ఆ టైంలో మన మెదడు ఏం చేస్తోందన్నది అసలు ఆసక్తికరమైన విషయం, దాని జోలికి ఇద్దరూ పోరు.

ముందు ఇదెంత మామూలో చూద్దాం. వేల్స్‌లో డెవీ రీస్ అని ఒక డాక్టరు, భర్తనో భార్యనో పోగొట్టుకున్న 293 మందితో మాట్లాడి, వాళ్లు చెప్పిందంతా 1971లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో రాశాడు. దాదాపు సగం మందికి, అంటే 46.7 శాతం మందికి, పోయిన మనిషి ఏదో ఒక రూపంలో మళ్లీ తగిలారు. ఎక్కువమందికి జరిగింది మనిషి పక్కనే ఉన్నట్టు అనిపించడం, అది 39 శాతం. కళ్లతో చూశామన్నవాళ్లు 14 శాతం, గొంతు విన్నామన్నవాళ్లు 13 శాతం, ముట్టుకున్నట్టు తెలిసిందన్నవాళ్లు మూడు శాతం లోపే. వీళ్లెవరూ మతి చలించినవాళ్లు కాదు, పొద్దున లేచి పనులు చేసుకునే మామూలు జనం. మూడింట రెండొంతుల మంది అది మాకు ఊరటగానే ఉందన్నారు. నన్ను ఆపేసింది ఇంకో అంకె, వీళ్లలో 72 శాతం మంది అప్పటిదాకా ఆ సంగతి ఎవరికీ చెప్పుకోలేదు, పిల్లలకీ చెప్పలేదు, డాక్టరుకీ చెప్పలేదు. అంటే పక్కపక్క ఇళ్లలో ఇద్దరు ఒకే అనుభవాన్ని ఎవరికి వాళ్లు దాచుకుని కూర్చునే అవకాశం బాగానే ఉందన్నమాట.

ఇక మెదడు సంగతి. మనం చూసేది వినేది అంతా బయటి నుంచి నేరుగా లోపలికి వస్తుందనుకుంటాం గానీ, సగం పని లోపలి అంచనాలదే, ఈ మాట 19వ శతాబ్దంలోనే హెల్మ్‌హోల్ట్జ్ అనే జర్మన్ శాస్త్రవేత్త అన్నాడు. ఒక మనిషితో ముప్పై ఏళ్లు బతికాక వాళ్ల గురించి మనకి తెలియకుండానే వేల అంచనాలు కుదురుకుపోతాయి, సాయంత్రం ఈ టైంకి తలుపు చప్పుడైతే వాళ్లే, మెట్ల మీద అడుగు ఇలా బరువుగా పడితే వాళ్లే, మంచం అటువైపు దిగబడితే వాళ్లే. మనిషి పోయారన్న వార్త ఒక్క రోజులో తెలుస్తుంది కానీ ఈ అంచనాలన్నిటికీ ఆ వార్త అందదు, అవి ఒక్కొక్కటిగా తప్పని తేలుతూ పోవాలి, దానికి నెలలు పడుతుంది, ఏళ్లు కూడా పట్టొచ్చు.

దీనికి దగ్గరగా ఎలుకల మీద చేసిన పని ఒకటుంది. నార్వేలో మోజర్లు అనే ఇద్దరు శాస్త్రవేత్తల ల్యాబ్‌లో (దారి గుర్తుపట్టే మెదడు కణాల మీద 2014 నోబెల్‌ని పంచుకున్నవాళ్లలో వీళ్లూ ఉన్నారు) ఎలుకని ఒక పెట్టెలో తిరగనిచ్చి, ఒక మూల ఒక వస్తువు పెట్టారు, తర్వాత తీసేశారు. తీసేశాక కూడా ఎలుక ఆ మూలకి వచ్చినప్పుడు మెదడులో కొన్ని కణాలు ఫైర్ అవుతున్నాయి, అంటే సిగ్నల్ ఇస్తున్నాయి, అక్కడ ఏమీ లేదు, ఉండాల్సింది లేదు అని అవి చెప్తున్నట్టు. 2013లో వచ్చిన పేపర్ ఇది. పెట్టెలో వస్తువుకీ ఇంట్లో మనిషికీ పోలికేంటి అంటారా, నిజమే, అక్కడి నుంచి ఇక్కడికి చాలా పెద్ద గెంతు, నేను దాన్ని రుజువు అనట్లేదు. కానీ లేకపోవడం అన్నది కూడా మెదడులో ఒక చోటుకి అంటుకుని ఉండే సమాచారమే అని తెలిశాక, ఖాళీ కుర్చీ పక్క నుంచి నడుస్తుంటే ఒళ్లు జలదరించడం నాకు వింతగా అనిపించడం మానేసింది.

దీనికి తోడు వెతుకులాట ఒకటి. లండన్‌లో కాలిన్ ముర్రే పార్క్స్ అనే సైకియాట్రిస్ట్ భర్తల్ని పోగొట్టుకున్నవాళ్లని దగ్గరగా గమనించి, దుఃఖంలో పెద్ద భాగం నిజానికి వెతుకులాటే అన్నాడు, మనసుకి తెలుసు మనిషి లేరని, కళ్లు చెవులు మాత్రం గుంపులో ఆ నడక కోసం, ఆ గొంతు కోసం గాలిస్తూనే ఉంటాయి. గాలించేటప్పుడు మెదడు గేటు కాస్త ఎక్కువగా తెరిచి పెడుతుంది, చిన్న ఆనవాలు దొరికినా చాలు లోపలికి వదిలేద్దాం అని. రాడార్ ముందు కూర్చున్న ఆపరేటర్‌కి కూడా ఇదే తలనొప్పి, తెర మీద చుక్క విమానమో కాదో తెలీదు, వదిలేస్తే కొంప మునుగుతుంది అనుకున్నప్పుడు ప్రతి చుక్కనీ విమానమే అంటాడు, దాంతో తప్పుడు అలారాలు పెరుగుతాయి కానీ అసలుది తప్పిపోదు. ఫోన్ కోసం ఆత్రంగా ఎదురుచూసేటప్పుడు మోగని ఫోన్ జేబులో వైబ్రేట్ అయినట్టుంటుంది చూడండి, ఆ టైపే. పైగా బాగా అలవాటైన గొంతు మెదడుకి సులువుగా దొరుకుతుంది, 2013లో ఇంగ్రిడ్ జాన్స్‌రూడ్ అనే పరిశోధకురాలి టీమ్ ఏళ్ల తరబడి కాపురం చేసినవాళ్ల మీద టెస్ట్ చేస్తే, రెండు గొంతులు ఒకేసారి వినిపిస్తున్నప్పుడు వాటిలో ఒకటి తమ భార్యదో భర్తదో అయితే బాగా విడదీసి వినగలిగారు. అంత పదునుగా ట్యూన్ అయిన చెవికి ఫ్యాన్ చప్పుడులోనో నీళ్ల చప్పుడులోనో పేరు పెట్టి పిలిచినట్టు వినిపిస్తే ఆశ్చర్యమేముంది.

వాసన సంగతి మాత్రం వేరు, అక్కడ కొన్నిసార్లు మనిషి నిజంగానే కొంచెం మిగిలి ఉంటారు. బీరువాలో మడతపెట్టిన చొక్కా కాలర్‌లో చర్మపు నూనె, పౌడరు, తలనూనె ఇంకి ఉంటాయి, తలుపు తీసినప్పుడో ఎండకో గాలిలో తేమకో అందులోంచి కొద్దికొద్దిగా అణువులు లేస్తాయి, ముక్కుకి అందేది భ్రమ కాదు, అసలు సరుకే. మిగతా ఇంద్రియాల కబురు మెదడు మధ్యలో ఉండే థాలమస్ అనే జంక్షన్ మీదుగా పోవాలి, వాసనకి అడ్డదారి ఉంది, ముక్కు పైనున్న ఆల్ఫాక్టరీ బల్బ్ నుంచి భావోద్వేగాల కేంద్రమైన అమిగ్డలాకి సూటిగా వెళ్తుంది. అందుకే అది ఏం వాసనో చెప్పేలోపే కళ్లలో నీళ్లు తిరుగుతాయి.

ఇక అంకెలు, పాటలు, సరిగ్గా అదే టైంకి జరిగేవి. వీటి లెక్క కాగితం మీదే తేలిపోతుంది. పోయినవాళ్ల పుట్టినరోజు నాలుగంకెల్లో రాస్తే, ఎక్కడైనా కనపడిన నాలుగంకెల నంబరు అదే అయ్యే అవకాశం పదివేలలో ఒకటి. బండ్ల మీద, బిల్లుల మీద, టోకెన్ల మీద రోజుకి రెండొందల నంబర్లు కంట పడుతున్నాయనుకుందాం, అంటే సగటున యాభై రోజులకొకసారి ఆ నంబరు మన ముందుకి రావాలి. దానికి పెళ్లిరోజు, పోయిన రోజు, ఇంటి నంబరు, ఫోన్‌లో చివరి నాలుగంకెలు కలిపితే పది రోజులకొకటి. ఇంతకుముందు కూడా ఇలాగే వచ్చేవి, మనం చూడలేదంతే. డయాకోనిస్, మోస్టెల్లర్ అని ఇద్దరు గణాంక నిపుణులు 1989లో ఇదే రాశారు, శాంపిల్ చాలినంత పెద్దదైతే ఎంత విడ్డూరమైనదైనా జరిగే అవకాశమే ఎక్కువని.

ఇంత తెలిశాక ఊరట పోతుందా? పోవాల్సిన పని లేదంటాను. 1917లో ఫ్రాయిడ్ దుఃఖం అంటే పోయినవాళ్ల మీంచి మనసుని కొంచెం కొంచెంగా ఊడబెరుక్కోవడం అన్నట్టు రాశాడు, ఆ మాట పట్టుకుని చాలాకాలం "ఇంకా మర్చిపోలేదా" అనడమే వైద్యమైపోయింది. 1996లో క్లాస్, సిల్వర్‌మన్, నిక్‌మన్ అనే ముగ్గురు పరిశోధకులు కలిసి తెచ్చిన పుస్తకంతో గాలి మారింది, బంధం తెగక్కర్లేదు, దాని రూపం మారుతుందంతే అన్నారు. పిట్టని చూసి రెండు మాటలు మాట్లాడి లోపలికొచ్చి పనిచూసుకునే మనిషికి ఏ ట్రీట్‌మెంటూ అక్కర్లేదు. ఏడాది దాటినా రోజంతా ఆ మనిషి మీదే తపన, బతుకు అక్కడే ఆగిపోవడం, సంకేతం వచ్చేదాకా ఏ నిర్ణయం తీసుకోలేకపోవడం, లేదా ఆ గొంతు భయపెడుతుండటం, అప్పుడు మాత్రం డాక్టర్ని కలవాలి, 2022 నుంచి అమెరికా సైకియాట్రీ మాన్యువల్‌లో దీర్ఘకాలిక దుఃఖం అన్నదానికి విడిగా చోటుంది, సాయం కూడా ఉంది.

ఫీజు తీసుకుని పోయినవాళ్ల కబురు చెప్తాం అంటూ సంకేతాలు అమ్మేవాళ్లతో మాత్రం జాగ్రత్త. 1940ల చివర్లో బెర్ట్రమ్ ఫోరర్ అనే సైకాలజిస్ట్ 39 మంది స్టూడెంట్లకి పర్సనాలిటీ టెస్ట్ పెట్టి, ఇది నీ గురించే అంటూ అందరి చేతిలో ఒకే కాగితం పెట్టాడు, ఎంత బాగా సరిపోయిందో మార్కులేయమంటే సగటున అయిదుకి 4.26 వేశారు. "ఆయనకి గుండె దగ్గర ఏదో ఇబ్బంది ఉండేది కదమ్మా" అని వాళ్లు చెప్పే మాట ఎంతమందికి సరిపోతుందో మీరే చూసుకోండి. కిటికీ మీద పిట్ట ఫీజు అడగదు.

చివరికి ఒక మాట, ఏ సంకేతమూ రానివాళ్ల గురించి. "అందరికీ ఏదో ఒక రూపంలో తెలుస్తోంది, నాకు ఒక్కసారి కూడా తెలియలేదు, నా మీద కోపమేమో" అని కుమిలిపోయేవాళ్లు చాలామంది ఉంటారు. రీస్ లెక్కలో సగానికి పైగా వీళ్లే. కాపురం ఎన్నేళ్లు, జంటని పోగొట్టుకున్నప్పుడు వయసెంత అనేవాటిని బట్టి కూడా ఆ అంకె మారింది, నలభై దాటకముందే ఒంటరైనవాళ్లలో తక్కువ. పైగా అందరి మెదడూ ఒకేలా బొమ్మలు గీయదు, కళ్లు మూసుకుంటే అమ్మ ముఖం అచ్చంగా కనపడేవాళ్లున్నారు, అమ్మ గురించి అన్నీ గుర్తున్నా బొమ్మ మాత్రం అస్సలు రానివాళ్లూ ఉన్నారు, 2015లో ఆడమ్ జీమన్ అనే న్యూరాలజిస్ట్ ఈ రెండో రకానికి అఫాంటేసియా అని పేరు పెట్టేదాకా వాళ్లలో చాలామందికి మిగతావాళ్లకి నిజంగా బొమ్మ కనపడుతుందన్న సంగతే తెలీదు.