చంటిబిడ్డతో జెయింట్ వీల్, కొలంబస్ ఎక్కొచ్చా? అపోహలు - వాస్తవాలు

నెల్లూరులో పిల్లల డాక్టరుగా నా ఓపీకీ సీజన్లుంటాయి. వానాకాలమంతా జలుబులు, దగ్గులు. సంక్రాంతి సెలవులు, వేసవి సెలవులు, జొన్నవాడ బ్రహ్మోత్సవాలు, రొట్టెల పండగ వచ్చాయంటే ఇంకో రకం కేసులు. "రాత్రి ఎగ్జిబిషన్‌కి పోయినాం డాక్టరమ్మా, అప్పట్నుంచీ పాప పాలు సరిగ్గా తాగడంలా" అంటూ మొదలవుతుంది. రొట్టెల పండగలో పిల్లలు కావాలని మొక్కుకుని స్వర్ణాల చెరువులో సంతాన రొట్టె పట్టుకుని, బిడ్డ పుట్టాక ఆ బిడ్డనే చంకనేసుకుని మళ్లీ వచ్చే తల్లులు ఎంతమందో ఉంటారు. ఏళ్ల తరబడి ఎదురుచూసి కన్న బిడ్డలు వాళ్లు.

పసిబిడ్డను ఇల్లు కదిలించొద్దని నేను చెప్పను. తిరునాళ్లకు తీసుకెళ్లండి, లైట్లు చూపించండి. తిరునాళ్లకు తీసుకెళ్లడం వేరు, తిరిగే మిషను మీదికి ఎక్కించడం వేరు. ఈ రెండో దాని గురించే నా బాధ. ఓపీలో నాకు ఎదురయ్యే మాటలనే తీసుకుని రాస్తున్నాను.

అపోహ: "నేను గట్టిగా పట్టుకుంటా కదా, ఏం గాదులే."

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువగా వినేది ఈ మాటే. పట్టుకోవడంలో తల్లి ప్రేమకు లోటు ఉండదు. కానీ కొలంబస్, అంటే ముందుకూ వెనక్కూ ఊగే పెద్ద పడవ రైడ్ సంగతి చూడండి. ఆ పడవ 60 డిగ్రీల దాకా లేచి కిందికి దూసుకొచ్చేటప్పుడు, అడుగుకు చేరేసరికి మన బరువు రెట్టింపైనట్టు ఉంటుంది. 7 కిలోల పాప ఆ క్షణంలో మీ చేతుల్లో 14 కిలోలు. మళ్లీ పైకొసకు పోయేసరికి సగానికి తగ్గి మూడున్నర కిలోలు. కొద్ది సెకన్లలోనే ఇదంతా మారిపోతుంది, మళ్లీ మళ్లీ మారుతుంది. మీ చేతులు ఒక బరువుకు బిగుసుకునేలోపు అది ఇంకో బరువు అయిపోతుంది.

ఇక ఒళ్లో అడ్డంగా వేసే కడ్డీ. అది బిగిసేది మీ తొడల మీద, మీ ఒంటి కొలతకు. ఒళ్లో ఉన్న బిడ్డను అది పట్టి ఉంచదు. బిడ్డ కడ్డీకి పైనుంటే జారిపోతుంది, కింద ఇరుక్కుంటే నలుగుతుంది. ఒకసారి ఐదు నెలల పాపను తెచ్చారు, ఏడుపు ఆగడంలేదని. గౌను పైకి తీసి చూస్తే రెండు తొడల మీదా వేలెడు వెడల్పున ఎర్రటి చార, గీత గీసినట్టు. నేను ఆ చార మీద వేలు పెట్టేసరికి ఆ తల్లి ముఖం పాలిపోయింది. "కడ్డీ మేడమ్, కడ్డీ" అంది, అంతే. ఎముకకు ఏమీ కాలేదు, రెండ్రోజులకు చార తగ్గిపోయింది. ఆమె భయం మాత్రం అంత తొందరగా తగ్గలేదు.

జెయింట్ వీల్ నెమ్మదిగానే తిరుగుతుంది, అందులో కుదుపు పెద్దగా ఉండదు. నిజమే. 20 ఏళ్ల కిందట నేనూ అలాగే అనుకున్నాను. మా వాడికి అప్పుడు ఏడో నెల. ఆడబిడ్డలందరూ రమ్మంటే ఎత్తుకుని ఎక్కేశాను. మేము పైన ఉండగా జనరేటర్ ఆగిపోయింది. తొట్టి గాలికి ఊగుతోంది, చీకటి. వాడు కింద కనిపించే లైట్ల వైపు ఒంగుతున్నాడు. నా అరచేతులు చెమటకు తడిసి వాడి ఒళ్లు జారుతోంది. పట్టుమని పది నిమిషాలు ఉన్నామేమో. డాక్టరు చదువు చదివి కూడా నేను చేసిన తప్పు అది. అందుకే ఎవరైనా "గట్టిగా పట్టుకుంటా" అంటే ఊరుకోలేను. కుదుపు లేకపోయినా ఎత్తు ఉంది, తెరిచి ఉన్న తొట్టి ఉంది, ఒంగే బిడ్డ ఉంది.

అపోహ: "మెడ నిలిచింది కదా, ఇంక పర్లేదు."

వాస్తవం: దీనికి నేను నోటితో జవాబు చెప్పను, టేబుల్ మీద చూపిస్తాను. బిడ్డను వెల్లకిలా పడుకోబెట్టి, రెండు చేతులూ పట్టుకుని మెల్లగా కూర్చోబెడుతున్నట్టు పైకి లేపుతాను. రెండు నెలల బిడ్డకైతే ఒళ్లు ముందు వస్తుంది, తల వెనక్కి వేలాడుతూ తర్వాత వస్తుంది. నాలుగైదు నెలల బిడ్డకు తల ఒంటితోపాటే లేస్తుంది. మన పెద్దవాళ్లు "మెడ నిలిచింది" అనేది దీన్నే. అయితే అది నేను మెల్లగా, ఒకే వైపుకు లేపినప్పటి సంగతి. హఠాత్తుగా ఒక కుదుపు వచ్చి, ఆ వెంటనే ఎదురువైపు నుంచి ఇంకోటి వస్తే తట్టుకునే బలం ఆ మెడకు ఇంకా రాలేదు.

పెద్దవాళ్ల తల ఒంటి పొడవులో దాదాపు ఎనిమిదో వంతు. పుట్టిన బిడ్డ తల నాలుగో వంతు. అంత బరువైన తల, అంత సన్నటి మెడ మీద. మెడ ఎముకలు చాలావరకు ఇంకా మెత్తటి మృదులాస్థే, వాటిని కలిపే నరాల్లాంటి పట్టీలు వదులుగా ఉంటాయి. లోపల మెదడులో నీటి శాతం ఎక్కువ, పుర్రెకూ మెదడుకూ మధ్య ఉండే సన్నటి రక్తనాళాలు తల గిర్రున మెలితిరిగితే సాగుతాయి. అమ్మమ్మలు ఆముదం పెట్టే మాడు ఉంది చూశారా, అది పూర్తిగా మూసుకోవడానికే ఏడాదిన్నర దాకా పట్టవచ్చు.

రైడ్ ఎక్కిన ప్రతి బిడ్డకూ ఏదో అయిపోతుందని భయపెట్టడం లేదు. చాలామందికి ఏమీ కాదు. అయిన ఒక్కరికి మాత్రం జరిగే నష్టం చిన్నది కాదు, ఆ ఒక్కరు ఎవరన్నది ముందుగా చెప్పగలిగే పరీక్ష నా దగ్గర లేదు.

అపోహ: "ఉయ్యాల ఊపుతాం, ఎగరేసి పట్టుకుంటాం. ఇదీ అట్టాంటిదే."

వాస్తవం: ఉయ్యాలలో బిడ్డ పడుకుని ఉంటుంది, తలా ఒళ్లూ కలిసి కదులుతాయి. చీర ఉయ్యాలైతే గుడ్డ నాలుగు వైపులా బిడ్డను ఒదిగి పట్టుకుంటుంది. ఊపేది చేయి, బిడ్డ ముఖం చూస్తూ ఊపుతుంది, చాలనిపిస్తే ఆగుతుంది. మిషనుకు ముఖం చూడటం తెలియదు. ఒకసారి మొదలైతే టైము అయ్యేదాకా ఆగదు. ఎగరేసి పట్టుకోవడం మాత్రం నాకు ఇష్టం లేదు, పడేస్తే పోయేది బిడ్డే.

ఇక్కడ ఇంకో మాట చెప్పాలి. ఎగ్జిబిషన్ నుంచి అర్ధరాత్రి ఇంటికి చేరాక అలిసిపోయిన బిడ్డ గుక్కపట్టి ఏడుస్తుంది. అలిసిపోయిన పెద్దవాళ్లు విసుగుతో భుజాలు పట్టుకుని కుదిపేస్తారు. పసిబిడ్డ మెదడులో రక్తస్రావానికి బాగా తెలిసిన కారణాల్లో ఇది ఒకటి. అంత విసుగొస్తే బిడ్డను మంచం మీద కాకుండా కిందనో తొట్టెలోనో వెల్లకిలా పడుకోబెట్టి, ఐదు నిమిషాలు వరండాలోకి పోయి రండి. ఏడిస్తే ఏమీ కాదు. కుదిపితే అవుతుంది.

అపోహ: "ఏడవలేదు, వాంతి చేసుకోలేదు, నిద్ర కూడా పోయింది. హాయిగానే ఉన్నట్టే."

వాస్తవం: కడుపులో తిప్పడం, వాంతులు రెండేళ్లలోపు పిల్లల్లో మామూలుగానే తక్కువ. ఘాట్ రోడ్డులో పెద్దపిల్లలు కక్కుతుంటే చంటిది కులాసాగా ఉండటం చూసే ఉంటారు. కాబట్టి వాంతి చేసుకోలేదన్నది ఏ భరోసా ఇవ్వదు. నిద్రపోవడం కూడా అంతే. వెలుతురు, చప్పుడు, కుదుపు తట్టుకోలేనంత అయినప్పుడు పసిపిల్లలు ముఖం తిప్పేసుకుంటారు, ఒళ్లు వదిలేస్తారు, కళ్లు మూసేస్తారు. మనకది హాయిగా కనిపిస్తుంది. మూణ్నాలుగు నెలల బిడ్డ ఉన్నట్టుండి రెండు చేతులూ బారచాపి వేళ్లు విచ్చుకుందంటే అది ఉలికిపాటు. దాన్ని "ఎగరాలని చూస్తోంది" అనుకుని వీడియో తీసేవాళ్లను చూస్తే నాకు గుండె కలుక్కుమంటుంది.

అపోహ: "ఇప్పట్నుంచే ఎక్కిస్తే ధైర్యం వస్తుంది."

వాస్తవం: రాదు. ఆరు నెలల బిడ్డకు ఆ రైడ్ గుర్తు కూడా ఉండదు. ధైర్యం వచ్చేది, భయపడినప్పుడు అమ్మ దగ్గరికి తీసుకుంటుందని తెలిసినప్పుడు.

అపోహ: "ఎక్కించుకునేవాడే ఏం అనలేదు, మనకెందుకు టెన్షన్?"

వాస్తవం: టికెట్ చింపే అబ్బాయికి మీ బిడ్డ వయసు తెలియదు, రద్దీలో అడిగే తీరికా ఉండదు. పెద్ద పార్కుల్లో గేటు దగ్గర ఎత్తు గీత ఎందుకు గీస్తారంటే, సీటు, బెల్టు, కడ్డీ అన్నీ ఒక కనీస కొలత ఒంటికి తగ్గట్టు తయారవుతాయి కాబట్టి. అమెరికాలో ఫ్లోరిడాలోని డిస్నీ పార్కులో స్పేస్ మౌంటెన్ ఎక్కాలంటే కనీసం 112 సెంటీమీటర్ల ఎత్తుండాలి. అదే పార్కులో మెల్లగా సాగే చిన్న పడవ ప్రయాణానికి ఎత్తు నియమమే లేదు, చంటిబిడ్డతో కూడా ఎక్కొచ్చు. అక్కడ తల్లీ తండ్రీ వంతులవారీగా ఎక్కే ఏర్పాటు కూడా ఉంది. ఒకరు ఎక్కినప్పుడు ఇంకొకరు బిడ్డతో ఉంటారు, తర్వాత రెండోవాళ్లు మళ్లీ క్యూ కట్టక్కర్లేదు. మన దగ్గర ఆ పని అవ్వలు, మేనత్తలు ఎప్పట్నుంచో చేస్తున్నారు. కింద బెంచీ మీద బిడ్డతో ఒకరు కూర్చుంటే సరిపోతుంది.

మరి ఎప్పుడు ఎక్కించాలి? బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు అని మనవాళ్లు ఒక్కో మెట్టుకూ ఒక్కో పండగ చేశారు. నా లెక్క కూడా అలాంటిదే. అరిసెలు పంచేదాకా ఏ రైడూ వద్దు. ఆ తర్వాత నేల మీదే మెల్లగా పోయే చిన్న రైలు, నిదానంగా తిరిగే రంగులరాట్నం, అదీ పక్కన పెద్దవాళ్లు పట్టుకుని ఉంటేనే. మిగతావన్నీ బిడ్డ ఆ ఎత్తు గీతను అందుకున్నాక.

అపోహ: "చప్పుడుకు బిడ్డలు అలవాటు పడతారు."

వాస్తవం: చెవి అలవాటు పడదు, దెబ్బతింటుంది. పెద్దవాళ్లకే 85 డెసిబెల్స్ చప్పుడులో 8 గంటలు హద్దు. ప్రతి 3 డెసిబెల్స్‌కూ ఆ టైము సగానికి పడిపోతుంది. అంటే 100 డెసిబెల్స్ దగ్గర 15 నిమిషాలే. పసిబిడ్డ చెవి గొట్టం చిన్నది కాబట్టి కీచుమనే శబ్దాలు లోపల ఇంకా గట్టిగా తగులుతాయి. డీజే బాక్సుల ముందు, గోడల మీద బైకులు తిరిగే మోటారు బావి దగ్గర మీరు పక్కవాళ్లతో అరిచి మాట్లాడాల్సి వస్తోందంటే బిడ్డతో అక్కడ నిలబడకండి. దూది పెడితే పెద్దగా లాభం లేదు, చిన్న ప్లగ్గులు ఊడి నోట్లోకి పోతాయి. చెవులు మొత్తం కప్పే పసిపిల్లల ఇయర్ మఫ్స్ వాడండి, లేదా దూరంగా వచ్చేయండి.

అపోహ: "ఎండకు గొంతు ఎండుతుంది, రెండు చెంచాలు నీళ్లు పట్టండి."

వాస్తవం: ఆరు నెలల లోపు బిడ్డకు మే నెలలో కూడా నీళ్లు వద్దు. పాలే ఎక్కువసార్లు ఇవ్వండి. ఎండ తగలకుండా ముఖం మీద టర్కీ టవల్ కప్పితే లోపల గాలాడక వేడి పెరుగుతుంది. నీడలోకి తీసుకెళ్లడమే దారి. మా ఊరి ఎండ సంగతి తెలిసిందే కదా, పొద్దున పదింటి నుంచి సాయంత్రం నాలుగింటిదాకా చంటిబిడ్డను బయట తిప్పొద్దు.

వాటర్ పార్కుల్లో "బేబీ పూల్ మోకాలి లోతే కదా" అంటారు. పసిబిడ్డ మునగడానికి జానెడు నీళ్లు కూడా అక్కర్లేదు, మునిగేటప్పుడు చప్పుడూ ఉండదు. మైపాడు బీచ్‌లో అలలకు బిడ్డ పాదాలు తడిపేవాళ్లకూ ఇదే చెబుతాను.

తినిపించే వాటి గురించి ఒక్క ముక్క. పాప్‌కార్న్, వేరుశనగలు నాలుగేళ్ల లోపు పిల్లలకు పెట్టొద్దు, ఊపిరి గొట్టంలోకి పోతాయి. ఇంకోటి, తట్టు టీకా మొదటి డోసు తొమ్మిదో నెలలో. అది పడనివాళ్లను కిక్కిరిసిన క్యూలలో గంటలు గంటలు తిప్పకపోవడమే మంచిది.

అపోహ: "రైడ్ ఎక్కించలేదు, బండి మీద పోయొచ్చాం అంతే."

వాస్తవం: గుంతల రోడ్డు మీద మీ ఇద్దరి మధ్య నలుగుతూ, తల ఊగుతూ 25 కిలోమీటర్లు పోయిన బిడ్డ కూడా కుదుపులు తిన్నట్టే. 9 నెలల నుంచి 4 ఏళ్ల పిల్లలను బైకు మీద తీసుకెళ్లాలంటే సేఫ్టీ బెల్టు, హెల్మెట్ ఉండాలని, 40 కిలోమీటర్ల వేగం దాటొద్దని కేంద్రం 2022లో నిబంధన తెచ్చింది. 9 నెలల లోపు పిల్లలకైతే హెల్మెట్ మోసే మెడే లేదు. బస్సో, ఆటోనో చూసుకోండి.

అపోహ: "దిష్టి తగిలింది, ఉప్పు తిప్పేస్తే తగ్గుతుంది."

వాస్తవం: దిష్టి తీయండి, నేనేమీ అనను, మా అమ్మ కూడా తీసేది. కానీ తీస్తూ బిడ్డను గమనించండి. మళ్లీ మళ్లీ వాంతులు, పాలు పట్టకపోవడం, లేపినా లేవనంత మత్తు, ఎప్పుడూ లేని కీచు ఏడుపు, మాడు ఉబ్బెత్తుగా కనపడటం, ఒక చేయో కాలో తక్కువ కదపడం, ఫిట్స్, ఒళ్లు పాలిపోవడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నా తెల్లారేదాకా ఆగకండి, 108కి ఫోన్ చేయండి. మూడు నెలల లోపు బిడ్డకు జ్వరం 100.4 డిగ్రీలు తాకినా అంతే.

వచ్చాక ఒక్కటి చేయండి. ఎక్కించిన సంగతి దాచకండి. అత్తగారు పక్కనుంటే కోడలు చెప్పదు, డాక్టరు తిడుతుందని భర్త చెప్పడు. "మంచం మీంచి పడింది" అంటారు. తల ఎటు ఊగిందో, ఎంతసేపు ఊగిందో, కడ్డీ ఎక్కడ తగిలిందో తెలిస్తే ఏ స్కాను తీయాలో, అసలు తీయాలో వద్దో నేను త్వరగా తేల్చగలను. ఆ తొడల మీద చారతో వచ్చిన పాప తల్లి కూడా మొదటి పావుగంట నాకు చెప్పలేదు. నేను తిట్టను. ఏ వేళకు వచ్చినా ముందు బిడ్డను చూస్తాను.