బీటెక్ మొదటి ఏడాది: అపోహలు - వాస్తవాలు

ఈఏపీసెట్ కౌన్సెలింగ్‌లో సీటు ఖరారైన రోజు నుంచి క్లాసులు మొదలయ్యే దాకా మీ చెవిన పడే సలహాలకు లెక్కుండదు. బంధువులు, సీనియర్లు, వాట్సాప్ గ్రూపులు, తలా ఒక మాట చెబుతారు. వాటిలో చాలావరకు వేరే యూనివర్సిటీవో, ఎప్పుడో మారిపోయిన రూల్సో అయి ఉంటాయి. మొదటి ఏడాది చదువు చెప్పేవాళ్లకు ఏటా ఎదురయ్యే సమస్య ఇదే. సెమిస్టర్ చివర్లో ఏడుస్తూ వచ్చే పిల్లల్లో తెలివి తక్కువైనవాళ్లు అరుదు. విన్నమాట నమ్మి, రూల్ చదవనివాళ్లే ఎక్కువ.

కాబట్టి ముందు ఒక పని చేయండి. మీ కాలేజీ అటానమసా (సిలబస్, పరీక్షలు సొంతంగా నడుపుకునేదా), యూనివర్సిటీకి అనుబంధమా తెలుసుకుని, మీ బ్యాచ్‌కి వర్తించే రెగ్యులేషన్ పీడీఎఫ్ డౌన్‌లోడ్ చేసుకోండి. అంతా చదవక్కర్లేదు. హాజరు, ఇంటర్నల్ మార్కులు, పాస్ మార్కులు, పై ఏడాదికి ప్రమోషన్ అనే నాలుగు చోట్లు చాలు. కింద చెప్పే లెక్కలు జేఎన్‌టీయూ హైదరాబాద్ ఆర్22, జేఎన్‌టీయూ కాకినాడ ఆర్23 రెగ్యులేషన్ల ప్రకారం వేసినవి. మీది వేరే అయితే అంకెలు మారతాయి, లెక్క వేసే పద్ధతి మాత్రం ఇదే.

అపోహ: హాజరు సంగతి చివర్లో చూసుకోవచ్చు, కండోనేషన్ ఫీజు కడితే సరిపోతుంది.

కనీస హాజరు 75 శాతం. 65 నుంచి 75 మధ్య ఉంటే అనారోగ్యం వంటి సరైన కారణం, దానికి సర్టిఫికెట్లు చూపించి ఫీజు కడితే కాలేజీ కండోన్ చేయొచ్చు, అంటే ఆ లోటును మన్నించొచ్చు. చేసి తీరాలని లేదు. 65 కంటే తగ్గితే ఎవరూ ఏమీ చేయలేరు. ఆ సెమిస్టర్ పరీక్షలు రాయనివ్వరు, డిటెయిన్ అవుతారు, మళ్లీ ఆ సెమిస్టర్ నడిచినప్పుడు కొత్తగా రిజిస్టర్ చేసుకోవాలి. అంటే ఒక ఏడాది పోయినట్టే.

చివర్లో సర్దుకోవడం ఎందుకు కుదరదో చూడండి. సెమిస్టర్‌లో మొత్తం 400 పీరియడ్లు అనుకుందాం. 200 జరిగేసరికి మీరు 120కి వెళ్లారు, అంటే 60 శాతం. సెమిస్టర్ ముగిసేసరికి 300 ఉండాలి కాబట్టి, మిగిలిన 200లో 180కి వెళ్లాలి. ఒక జ్వరం, ఒక పెళ్లి వస్తే ఆ లెక్క తప్పుతుంది. ఏ రోజుకారోజు చూసుకోవడానికి సులువైన సూత్రం ఒకటుంది. జరిగిన పీరియడ్లను 3తో, మీరు వెళ్లినవాటిని 4తో గుణించండి. మొదటిదాంట్లోంచి రెండోది తీసేస్తే వచ్చేదే, 75 చేరడానికి మీరు ఒక్కటీ మానకుండా వెళ్లాల్సిన పీరియడ్ల సంఖ్య. పై ఉదాహరణలో 600 లోంచి 480 తీసేస్తే 120.

ఇంకో మాట. హాజరు రోజుల్లో కాదు, పీరియడ్లలో లెక్క. మూడు పీరియడ్లు వరసగా ఉండే ల్యాబ్ మానేస్తే మూడూ పోతాయి. పండగకి ఊరెళ్లేవాళ్లు ముందు రోజు మధ్యాహ్నం ల్యాబ్ ఎగ్గొట్టేది ఇందుకే ఖరీదవుతుంది.

అపోహ: మొదటి మిడ్ (సెమిస్టర్ మధ్యలో పెట్టే పరీక్ష) పోయినా రెండో మిడ్‌లో కవర్ చేయొచ్చు.

ఇది ఆంధ్రప్రదేశ్‌లో కొంత నిజం, తెలంగాణలో కాదు. సీనియర్ల సలహా రాష్ట్రం దాటితే ఎలా తప్పవుతుందో చెప్పడానికి ఇంతకంటే మంచి ఉదాహరణ లేదు. కాకినాడ ఆర్23లో ఎక్కువ మార్కులు వచ్చిన మిడ్‌కి 80 శాతం, తక్కువ వచ్చిన దానికి 20 శాతం వెయిటేజీ. హైదరాబాద్ ఆర్22లో రెండింటి సగటు. 30 మార్కుల మిడ్‌లో మొదట 12, తర్వాత 25 వచ్చిన విద్యార్థికి మొదటి పద్ధతిలో 22.4 వస్తే, రెండో పద్ధతిలో 18.5 మాత్రమే వస్తుంది. అదే చదువు, అదే పేపరు అనుకున్నా దాదాపు 4 మార్కుల తేడా.

ఆర్22లో ఇంటర్నల్స్ (మిడ్‌ల వంటి వాటికి కాలేజీ వేసే మార్కులు) 40, ఎక్స్‌టర్నల్ (సెమిస్టర్ చివరి పరీక్ష) 60. పాసవ్వాలంటే ఇంటర్నల్స్‌లో 14, ఎక్స్‌టర్నల్‌లో 21, రెండూ కలిపి 40 రావాలి. 14 ప్లస్ 21 అంటే 35 మాత్రమే అన్నది చాలామంది గమనించరు. రెండు చోట్లా గట్టెక్కి, మొత్తంలో ఫెయిలైనవాళ్లు ప్రతి ఏడాదీ ఉంటారు.

అపోహ: ఐదు యూనిట్లలో మూడు చదివితే చాలు.

పాసవ్వడానికైతే సరిపోవచ్చు. ఆర్22 ప్రశ్నపత్రంలో పార్ట్ ఎ 10 మార్కులు, ప్రతి యూనిట్ నుంచి ఒక్కో మార్కువి రెండు ప్రశ్నలు. పార్ట్ బిలో యూనిట్‌కి ఒక 10 మార్కుల ప్రశ్న, దానికి ఆ యూనిట్‌లోంచే మరో ప్రశ్న ప్రత్యామ్నాయం. అంటే ఛాయిస్ యూనిట్ లోపలే ఉంటుంది, ఒక యూనిట్ వదిలేసి ఇంకో యూనిట్‌వి రెండు రాయడం కుదరదు. యూనిట్ విలువ 12 మార్కులు. రెండు వదిలేస్తే, మిగతావన్నీ ఒక్క తప్పూ లేకుండా రాసినా 36 దాటవు. ఇంటర్నల్స్‌లో 32 ఉన్న మంచి విద్యార్థి కూడా 68 దగ్గర ఆగిపోతాడు, 70కి వచ్చే ఎ గ్రేడు దక్కదు. ఐదు యూనిట్లలోనూ చిన్న ప్రశ్నలు, ఒక్కో పెద్ద టాపిక్ చదివినవాళ్లు, మూడు యూనిట్లు బట్టీ పట్టినవాళ్ల కంటే క్షేమంగా ఉంటారు.

అపోహ: ల్యాబ్‌లలో అందరికీ మార్కులు వస్తాయి కాబట్టి ఎస్‌జీపీఏ అదే నిలబడుతుంది.

ఎస్‌జీపీఏ అంటే సెమిస్టర్‌లో మీ గ్రేడుల సగటు. దాన్ని క్రెడిట్లు, అంటే ఒక్కో సబ్జెక్టుకిచ్చే బరువు, నడిపిస్తాయి. 20 క్రెడిట్ల సెమిస్టర్‌లో 1 క్రెడిట్ ల్యాబ్‌లో ఎ నుంచి అన్నిటికంటే పై గ్రేడైన 'ఓ'కి పెరిగితే లాభం 0.1. 4 క్రెడిట్ల మ్యాథ్స్‌లో సి నుంచి ఎకి పెరిగితే లాభం 0.6. చదివే సమయాన్ని ఈ నిష్పత్తిలో పంచుకోండి. అలాగని ల్యాబ్ అబ్జర్వేషన్, రికార్డు వాయిదా వేయకండి. రికార్డు ఏ వారానికావారం సంతకం చేయించుకోకపోతే చివరి వారమంతా రాతపనికే పోతుంది, సరిగ్గా మ్యాథ్స్ చదవాల్సిన వారమది.

అపోహ: ఇంటర్ అయిపోయింది కాబట్టి ఎంపీసీ పుస్తకాలు అమ్మేయొచ్చు.

దయచేసి అమ్మకండి. మొదటి సెమిస్టర్ మ్యాథ్స్ మాత్రికలతోనే మొదలవుతుంది. 1ఎలో చదివిన నిర్ధారకాలు, విలోమం, కోటి, గాస్-జోర్డాన్ పద్ధతి మళ్లీ వస్తాయి, వాటి మీద ఐగెన్ విలువలు వస్తాయి. 1బిలోని అవకలనం, రోల్, లగ్రాంజ్ సిద్ధాంతాలు, 2బిలోని సమాకలనం, అవకలన సమీకరణాలు అన్నీ అవసరమే. క్లాసులు మొదలయ్యేలోపు పది రోజులు రోజుకి గంటన్నర వీటికిస్తే మొదటి నెల తేలికవుతుంది.

అసలు ఇబ్బంది సబ్జెక్టుది కాదు, అలవాటుది. ఈఏపీసెట్‌లో 180 నిమిషాల్లో 160 బిట్లు. ఆప్షన్లు వెనక నుంచి పెట్టి చూసినా, షార్ట్‌కట్ వాడినా మార్కు వస్తుంది. బీటెక్‌లో 10 మార్కుల లెక్కకు ప్రతి మెట్టుకీ మార్కులుంటాయి. జవాబు ఒక్కటే రాసినవాళ్లకి ఒకటో రెండో పడతాయి. మాత్రికల్లో ఏ వరుస మీద ఏ ప్రక్రియ చేశారో పక్కన రాయండి, గుర్తు తప్పినా పద్ధతికి మార్కులు నిలుస్తాయి. ద్విసమాకలనంలో క్రమం మార్చమంటే ముందు ప్రాంతం బొమ్మ గీయండి. బొమ్మ గీయకుండా హద్దులు మార్చబోయినవాళ్లే ఎక్కువగా తప్పుతారు.

అపోహ: ముందే కోడింగ్ వచ్చినవాళ్లకే సీ లాంగ్వేజ్ వస్తుంది.

ఎంపీసీ నుంచి వచ్చేవాళ్లలో చాలామందికి అది కొత్తే. వెనకబడేది చూసి చదివేవాళ్లు, ముందుకెళ్లేది చేత్తో రాసి నడిపించేవాళ్లు. ప్రధాన సంఖ్య, పాలిండ్రోమ్, ఫిబొనాచి, మాత్రికల గుణకారం, లైబ్రరీ ఫంక్షన్ లేకుండా స్ట్రింగ్ తిరగేయడం, బబుల్ సార్ట్, బైనరీ సెర్చ్, ఈ ఏడూ పుస్తకం మూసి రాయగలిగితే సగం సిలబస్ చేతిలో ఉన్నట్టే. రాసిన ప్రతి ప్రోగ్రామ్‌కీ కాగితం మీద పట్టిక గీసి, లూప్ తిరిగిన ప్రతిసారీ ఒక్కో వేరియబుల్ విలువ ఎంతో నింపండి. పరీక్ష కాగితం మీదే కదా.

మొదటి నెలలో అందరూ చేసే తప్పులు నాలుగు. స్కాన్‌ఎఫ్‌లో వేరియబుల్ ముందు యాంపర్‌సాండ్ మరిచిపోవడం. ఇఫ్‌లో రెండు సమాన గుర్తులకు బదులు ఒకటే పెట్టడం. ఫర్ లైను చివర సెమీకోలన్ పెట్టడం, దాంతో లూప్ ఖాళీగా తిరుగుతుంది. 5ని 2తో భాగిస్తే 2.5 వస్తుందనుకోవడం. రెండూ పూర్ణాంకాలైతే సీలో 2 వస్తుంది.

అపోహ: డ్రాయింగ్ బాగా వేసేవాళ్లకే ఇంజనీరింగ్ డ్రాయింగ్ వస్తుంది.

బొమ్మలు గీసే చేయి కాదు, ఊహించే కన్ను కావాలి. మన దగ్గర మొదటి కోణ విక్షేపం వాడతారు. ముందు నుంచి కనిపించేది ఎక్స్‌వై గీతకి పైన, పై నుంచి కనిపించేది కింద. తిరగేస్తే బొమ్మ ఎంత అందంగా ఉన్నా తప్పే. డ్రాఫ్టర్, షీట్ల కొలత సార్ చెప్పాకే కొనండి, కొన్ని కాలేజీల్లో ఎక్కువ భాగం ఆటోక్యాడ్ మీదే ఉంటుంది. నిర్మాణ గీతలకి 2హెచ్, అసలు గీతలకి హెచ్ లేదా హెచ్‌బీ పెన్సిల్.

అపోహ: చేరేలోపే ఖరీదైన ల్యాప్‌టాప్ కొనాలి.

మొదటి సెమిస్టర్ సీ ప్రోగ్రామ్‌లకి ఏ పాత కంప్యూటరైనా చాలు, కాలేజీ ల్యాబ్ ఉండనే ఉంది. అప్పు చేసి కొనాల్సిన పని లేదు. కొనగలిగితే 16 జీబీ ర్యామ్, 512 జీబీ ఎస్‌ఎస్‌డీ చూడండి. మెకానికల్, సివిల్ వాళ్లు విండోస్‌దే తీసుకోండి, సాలిడ్‌వర్క్స్ వంటివి మ్యాక్‌లో నేరుగా నడవవు.

అపోహ: కన్వీనర్ కోటా సీటు కాబట్టి ఒక్క రూపాయి కట్టక్కర్లేదు.

తెలంగాణలో బీసీ, ఈబీసీ విద్యార్థులకు ర్యాంకు 10,000 దాటితే సాధారణంగా ఏడాదికి 35,000 రూపాయల వరకే రీయింబర్స్‌మెంట్. కాలేజీ ఫీజు అంతకు మించితే తేడా మీరే కట్టాలి. హాస్టల్, బస్సు, పరీక్ష ఫీజులు వేరే. దరఖాస్తు మొదటి ఏడాది ఫ్రెష్, తర్వాత ప్రతి ఏడాదీ రెన్యువల్. రెన్యువల్ మరిచిపోయి నష్టపోయినవాళ్లు తక్కువేమీ కాదు. టెన్త్ మెమోలో, ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ ఒకేలా ఉన్నాయో లేదో ఇప్పుడే చూసుకోండి. బ్యాంకు ఖాతాకి ఆధార్ అనుసంధానం చేయించండి. ఆదాయ, కుల ధ్రువపత్రాలు మీసేవలో ముందే తీసుకోండి.

ఒరిజినల్ సర్టిఫికెట్లు కాలేజీలోనే ఉంచాలనేది కూడా అపోహే. సరిచూసి వెంటనే తిరిగి ఇచ్చేయాలని యూజీసీ 2018లో ఆదేశించింది. టీసీ మాత్రం కాలేజీకి ఇవ్వాలి కాబట్టి, ఇచ్చేముందే స్కాన్ చేసి నాలుగైదు జిరాక్సులు తీసి పెట్టుకోండి.

అపోహ: ర్యాగింగ్ ఇంట్రోలాంటిదే, భరిస్తే సీనియర్లు దగ్గరవుతారు.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. కొట్టడమే నేరమనుకోకండి. ఆటపట్టించి అవమానించినా ఆరు నెలల దాకా జైలు శిక్ష పడొచ్చు. నోట్స్ కోసం, గైడెన్స్ కోసం అవమానం భరించాల్సిన అవసరం ఏ విద్యార్థికీ లేదు. సాయం చేసే సీనియర్ మిమ్మల్ని వంగి నమస్కారం పెట్టమని అడగరు.

యూజీసీ హెల్ప్‌లైన్ 1800-180-5522, 24 గంటలూ పనిచేస్తుంది, మీ పేరు బయటపెట్టకుండా ఫిర్యాదు చేయొచ్చు. ఆ నంబరు మీ ఫోన్‌లోనే కాదు, అమ్మానాన్నల ఫోన్‌లో కూడా సేవ్ చేయండి. జరిగిన తేదీ, సమయం, హాస్టల్ బ్లాకు, అక్కడున్నవాళ్ల పేర్లు అదే రోజు రాసి పెట్టుకోండి. మెసేజ్‌లు వస్తే డిలీట్ చేయకుండా స్క్రీన్‌షాట్ తీసి ఇంట్లోవాళ్లకి పంపండి. వార్డెన్‌కి చెప్పేటప్పుడు నోటిమాటతో సరిపెట్టకుండా కాగితం మీద రాసిచ్చి, అందినట్టు సంతకం చేయించిన కాపీ ఒకటి మీ దగ్గర ఉంచుకోండి.