అశ్వశాల నిర్వహణ వృత్తి: అపోహలు – వాస్తవాలు

గుర్రాల సంరక్షణను వృత్తిగా స్వీకరించాలని వచ్చే యువతీయువకులలో ఉత్సాహానికి కొదవ ఉండదు. అయితే ఆ ఉత్సాహంతో పాటు కొన్ని పొరపాటు అభిప్రాయాలు కూడా వస్తుంటాయి. వాటిలో కొన్ని గుర్రం ప్రాణం మీదికి తెచ్చేవి కాబట్టి, ఈ పనిలో అడుగుపెట్టకముందే వాటిని సరిదిద్దుకోవడం అవసరం.

అపోహ: స్వారీ బాగా వచ్చినవారికి శాల నడపడం కష్టం కాదు.

వాస్తవం: స్వారీ రోజులో ఒకటి రెండు గంటల పని మాత్రమే. శాల నిర్వహించేవారికి అంతకంటే ముఖ్యంగా కావలసింది గమనించే అలవాటు. ఉదయం దాణా వేయకముందే, రాత్రి వేసిన గడ్డి ఎంత మిగిలిందో, తొట్టిలో నీరు ఎంత తగ్గిందో, లద్ది ఎంత వేసిందో, అది గట్టిగా ఉందో పలుచగా ఉందో, గుర్రం ఏ కాలి మీద బరువు ఆనించడం లేదో చూసుకోవాలి. విశ్రాంతిగా ఉన్న పెద్ద గుర్రం గుండె సాధారణంగా నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకుంటుంది. కానీ ఈ అంకె తెలిసినంత మాత్రాన సరిపోదు. రోజూ 32 ఉండే గుర్రానికి ఒక ఉదయం కదలకుండా నిలబడి ఉన్నప్పుడే 44 కనిపిస్తే, అది పరిమితి లోపలే ఉన్నా, ఆ గుర్రానికి ఏదో అయిందని సంరక్షకుడు అనుమానించాలి. అందుకే ప్రతి గుర్రానికీ మామూలుగా ఉండే నాడి, శ్వాస, ఉష్ణోగ్రతలను ఆరోగ్యంగా ఉన్న రోజుల్లోనే రాసిపెట్టుకోవాలి.

అపోహ: దాణా ఎంత ఎక్కువ పెడితే గుర్రానికి అంత బలం.

నా దృష్టిలో అన్నిటికంటే ప్రమాదకరమైన నమ్మకం ఇదే. గుర్రం శరీరంతో పోలిస్తే దాని జీర్ణాశయం చాలా చిన్నది. అందులో ఆమ్లం మేత తిన్నా తినకపోయినా ఊరుతూనే ఉంటుంది కాబట్టి, గంటల తరబడి మేత లేకుండా నిలబెట్టిన గుర్రానికి పుండ్లు పడే అవకాశం పెరుగుతుంది. మరోవైపు గింజల దాణా ఒకేసారి ఎక్కువగా పెడితే, చిన్న పేగులో అరగని పిండి పదార్థం పెద్ద పేగులోకి చేరి పులుస్తుంది. దాని ఫలితంగా తీవ్రమైన కడుపునొప్పి గానీ, గిట్టల లోపలి పొరలు వాచే జబ్బు గానీ రావచ్చు. గుర్రం వాంతి చేసుకోలేదు గనుక లోపలికి వెళ్ళినది బయటపడే దారి కూడా ఉండదు. కాబట్టి గడ్డినే ప్రధాన ఆహారంగా భావించి, 500 కిలోల గుర్రానికి రోజుకు సుమారు 8 నుంచి 10 కిలోల ఎండుగడ్డి అందేటట్లు చూసి, దాణాను పనికి తగినంత మాత్రమే, చిన్న చిన్న మోతాదులుగా ఇవ్వాలి. దాణా రకం మార్చవలసి వస్తే 7 నుంచి 10 రోజులలో క్రమంగా మార్చాలి.

ముందు కాలితో నేలను గీకడం, పదే పదే తన డొక్కల వైపు తిరిగి చూసుకోవడం, పడుకొని దొర్లడం కడుపునొప్పికి సూచనలు. అవి కనిపించగానే మేత తీసివేసి పశువైద్యుని పిలవాలి. సొంత వైద్యంతో గడిపే ప్రతి గంటా గుర్రానికి నష్టమే.

అపోహ: గుర్రం నిలబడే నిద్రపోతుంది కనుక కింద పరిచే పడకకు అంత ప్రాధాన్యం లేదు.

వాస్తవం: నిలబడి కునుకు తీయగలదన్నది నిజమే. కానీ గాఢనిద్ర కోసం అది రోజులో కొంతసేపైనా పడుకోవాలి, పడుకోవడానికి పొడి నేల కావాలి. తడిసిన పడక నుంచి లేచే అమ్మోనియా ఊపిరితిత్తులను దెబ్బతీస్తుంది, ఆ తడి గిట్టలనూ కుళ్ళిస్తుంది. కాలు ఎత్తి, గిట్ట అడుగును మడమ నుంచి కొన వైపుగా శుభ్రం చేస్తున్నప్పుడు నల్లని జిగురు, ముక్కు మూసుకోవలసినంత దుర్వాసన వచ్చాయంటే కుళ్ళు మొదలైనట్లే. నాడాలు అన్ని గుర్రాలకూ తప్పనిసరి కాకపోయినా, గిట్టలను మాత్రం ఇంచుమించు 6 నుంచి 8 వారాలకొకసారి చెక్కించవలసిందే.

అపోహ: ఇది బలిష్ఠులకే తగిన పని.

ఎంత బలవంతుడైనా గుర్రాన్ని లాగి గెలవలేడు. మెల్లగా కదలడం, వెనుక నుంచి హఠాత్తుగా వెళ్ళకపోవడం తెలిసినవారు స్త్రీలైనా పురుషులైనా ఈ పని చేయగలరు.

అపోహ: నాలుగు గుర్రాలు ఉంటే ఆదాయం దానంతట అదే వస్తుంది.

వాస్తవం: స్వారీకి ఎవరూ రాని రోజు కూడా గడ్డి, జీతాలు, వైద్యం ఖర్చులు ఆగవు. సొంత శాల పెట్టాలనుకునేవారు ముందుగా మరొకరి శాలలో అన్ని ఋతువులూ చూసేదాకా సహాయకులుగా పనిచేయడం మంచిదని నా గట్టి అభిప్రాయం. వానాకాలంలో గడ్డికి బూజు పట్టకుండా నిల్వచేయడం, కొత్తగా వచ్చిన గుర్రాన్ని రెండు మూడు వారాలు వేరుగా ఉంచి పరిశీలించడం అక్కడే అలవడతాయి. ఇతరుల గుర్రాలను సంరక్షణకు తీసుకునేటప్పుడు, యజమాని అందుబాటులో లేని సమయంలో అత్యవసర చికిత్సకు ఎవరు అనుమతి ఇస్తారో, ఎంత ఖర్చు వరకు ఇస్తారో, శస్త్రచికిత్సకు సమ్మతి ఉందో లేదో ముందే ఒప్పందంలో రాయించుకొని, దాని ప్రతిని పశువైద్యుని ఫోన్ నంబరుతో పాటు రాత్రి కాపలా ఉండేవారికి కూడా ఇవ్వాలి.