చిన్న ట్రక్కుల వేగం: ఇరవై ఏళ్ల నేపథ్యం

2005 మే నెలలో టాటా మోటార్స్ విడుదల చేసిన ‘ఏస్’ అనే చిన్న ట్రక్కు వేగం కోసం పుట్టిన బండి కాదు. గిరీశ్ వాఘ్ నాయకత్వంలో దానిని రూపొందించిన బృందం, మూడు చక్రాల సరకు బళ్లు నడుపుకునేవారి అవసరాలను అడిగి తెలుసుకుని, ఇండికా కారులోని నాలుగు సిలిండర్ల డీజిల్ ఇంజిన్‌ను సగానికి కుదించి 702 సీసీ ఇంజిన్‌గా మార్చింది. దాని శక్తి కేవలం 16 హార్స్‌పవర్. ముప్పావు టన్ను సరకుతో ఊరికీ సంతకూ మధ్య తిరగడానికి అది చాలు. ఎంత తొక్కినా గంటకు 65 కిలోమీటర్ల దగ్గర ఆగిపోయే ఆ బలహీనతే నడిపేవాడికి రక్షణగా కూడా ఉండేదని నా అభిప్రాయం.

అంతకుముందు 1980లలో జపాన్ సంస్థల సహకారంతో తేలికపాటి ట్రక్కులు వచ్చాయి; జహీరాబాద్‌లో తయారైన ఆల్విన్ నిస్సాన్ వాటిలో ఒకటి. అవి పెద్ద బళ్లు, పెట్టుబడి ఉన్నవారికే అందేవి. ఏస్ తరగతి బండికి అప్పు సులువుగా దొరికింది. మొత్తం బరువు 3,000 కిలోలు మించని సరకు వాహనానికి 1988 నాటి మోటారు వాహనాల చట్టం ప్రకారం పర్మిట్ అక్కర్లేదు. దాంతో డ్రైవరే యజమాని అయ్యాడు, ట్రిప్పుల లెక్కే అతని ఆదాయమైంది.

అదే కాలంలో రోడ్లు మారిపోయాయి. ఢిల్లీ, ముంబయి, చెన్నై, కోల్‌కతాలను కలిపే స్వర్ణ చతుర్భుజి రహదారి పథకం కింద చెన్నై–కోల్‌కతా రహదారి నెల్లూరు, ఒంగోలు, విజయవాడ, విశాఖపట్నం మీదుగా నాలుగు వరుసలైంది. ఊరి సంతకు పరిమితమైన బండి తెల్లవారేలోగా నగర మార్కెట్‌కు కూరగాయలు చేర్చే బండిగా మారింది. ఆలస్యమైతే సరకు ధర పడిపోతుంది కనుక డ్రైవర్ల తొందరను కేవలం దుడుకుతనంగా చూడటం న్యాయం కాదు. తయారీదారులూ ఆ అవసరానికి తగ్గట్టే శక్తి పెంచారు: 2009లో వచ్చిన సూపర్ ఏస్ ఇంజిన్ 70 హార్స్‌పవర్, 2011లో వచ్చిన అశోక్ లేలాండ్ దోస్త్ ఇంజిన్ 55 హార్స్‌పవర్. ఇప్పుడు పాతబడిన చిన్న ట్రక్కులంటే ఈ తరం బళ్లు కూడా.

వేగానికి కళ్లెం వేసే నిబంధన 2015లో వచ్చింది. ఆ ఏడాది అక్టోబరు 1 నుంచి తయారయ్యే రవాణా వాహనాలకు గంటకు 80 కిలోమీటర్లు దాటనివ్వని పరికరం తప్పనిసరి చేశారు. గరిష్ఠ వేగమే 80 మించదని పరీక్షా సంస్థలు ధ్రువీకరించిన బళ్లను మినహాయించారు. 2018 ఏప్రిల్‌లో కేంద్రం సరకు వాహనాలకు ఎక్స్‌ప్రెస్‌వేలపైనా, డివైడరు ఉన్న నాలుగు వరుసల రోడ్లపైనా 80, ఇతర రోడ్లపై 60 కిలోమీటర్లను గరిష్ఠ పరిమితిగా ప్రకటించింది. ఈ అంకెలన్నీ బండి తరగతిని, రోడ్డు రకాన్ని బట్టి పెట్టినవే. పదేళ్లు బరువు మోసిన బండి పరిస్థితిని ఏ అంకే లెక్కలోకి తీసుకోదు.

అసలు చిక్కు ఇక్కడే ఉంది. వేగం రెట్టింపైతే ఆపవలసిన శక్తి నాలుగు రెట్లవుతుంది. తొలి ఏస్ చక్రాలు 12 అంగుళాలవి, ముందు వెనుక ఇరుసుల మధ్య దూరం రెండు మీటర్ల పైచిలుకు మాత్రమే. అటువంటి బండిపై క్రేట్లు నిలువెత్తున పేర్చితే బరువు కేంద్రం పైకి జరిగి, అడ్డం వచ్చినదాన్ని తప్పించబోయి స్టీరింగ్ ఒక్కసారిగా తిప్పినప్పుడు పక్కకు ఒరిగిపోయే ప్రమాదం పెరుగుతుంది. అధిక బరువు కోసం కమాన్ కట్టలకు (ఇరుసు మీద బరువు మోసే ఉక్కు పట్టీల స్ప్రింగులకు) అదనపు పట్టీలు వేయిస్తే, బండి ఖాళీగా తిరిగివచ్చేటప్పుడు వెనుక చక్రాలు గతుకుల మీద ఎగిరి రోడ్డుపై పట్టు కోల్పోతాయి. అరిగిన టైర్లతో తడిరోడ్డుపై బ్రేకు గట్టిగా తొక్కితే ఆ వెనుక భాగమే ముందుగా జారుతుంది. ఫిట్‌నెస్ పరీక్షకు బండిని సాధారణంగా ఖాళీగానే తీసుకెళతారు కాబట్టి, నిండు బరువుతో 70 కిలోమీటర్ల వేగంలో అది ఎలా ప్రవర్తిస్తుందో అక్కడ తేలదు.

కోతల కాలంలో ఇవే బళ్ల వెనుక కూలీలు నిలబడి ప్రయాణిస్తారు. వారికి సీటు లేదు, బెల్టు లేదు. సరకు వాహనంలో అలా మనుషులను ఎక్కించడం చట్టవిరుద్ధమైనా, పొలానికి చేరే వేరే దారి చాలా ఊళ్లలో లేదు. 2022లో దేశవ్యాప్తంగా రోడ్డు ప్రమాదాల్లో మరణించిన 1,68,491 మందిలో 70 శాతానికి పైగా మరణాలకు అతివేగమే కారణమని కేంద్ర రవాణా శాఖ నమోదు చేసింది.

డ్రైవర్ల లైసెన్సు విషయంలో సుప్రీంకోర్టు 2017లో ఇచ్చిన తీర్పును రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబరులో సమర్థించింది. దాని ప్రకారం 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని మామూలు తేలికపాటి వాహన లైసెన్సుతోనే నడపవచ్చు. లక్షల కుటుంబాల జీవనోపాధికి అది ఊరట. అయితే నిండు బరువుతో ఉన్న బండిని మలుపులో, దిగుడులో ఎలా అదుపు చేయాలో నేర్పే ప్రత్యేక శిక్షణ ఆ లైసెన్సులో భాగం కాదు. కారుపై పరీక్ష నెగ్గిన యువకుడు మరుసటి రోజే పదేళ్ల నాటి పాత ట్రక్కును సరకుతో జాతీయ రహదారి ఎక్కించవచ్చు.